రూతమ్మ మేడం అర్సుకునుడు

పోయిన వారం సిరిసిల్లలో మా ఇంట్లో కాలికి సిమెంటు పట్టీతో మంచం మీద పడి ఉన్నాను. వీధి చివర మరమగ్గాల చప్పుడు మధ్య, మా వంటింట్లో బిందె మూత తీసిన శబ్దం వినిపించింది. తీసి, కాసేపు చూసి, మళ్లీ మెల్లగా పెట్టిన శబ్దం. నా భార్య మందుల దుకాణానికి వెళ్లింది. అంతవరకు నన్ను చూడవచ్చినవాళ్లందరూ కుర్చీలో కూర్చుని, ఎలా పడ్డావని అడిగి, ఫోన్లు చూసుకుని పోయారు. వంటింట్లోకి ఎవరూ వెళ్లలేదు. అసలు రానివాళ్లెవరో కూడా నాకు గుర్తుంది. అంతలో ఒకప్పుడు నాతో బడిలో పనిచేసిన భూమయ్య ఖాళీ నీళ్ల డబ్బా పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, నా వైపు చూడకుండా బయటికి నడిచాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఆ మూత తీయడం అతను ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలుసు.

కోరుట్లలో మేమిద్దరం పనిచేసిన బడికి రూతమ్మ మేడం పెద్దసారు. ఆడమనిషైనా ఊరు ఆమెను అలాగే పిలిచేది. ఆమెది బుగ్గారం, కూలి చేసి బతికిన ఇల్లు. బడిలో ఎవరి ఇంట్లో జ్వరమొచ్చినా, చావొచ్చినా సాయంత్రం గంట కొట్టగానే "పాండి, అర్సుకొని అద్దాం" అనేది. నేను కొత్తగా చేరిన రోజుల్లో, పుస్తకాల భాష మీద మోజుతో, "పరామర్శకా మేడం?" అన్నాను. ఆమె నవ్వింది. "పరామర్శ పేపర్ల ఉంటది సారూ. పెద్దలు పోయి కుర్సీల కూసుంటరు, ఫొటో దిగుతరు. మనం పోయేది అర్సుకోను." స్టాఫ్ రూంలో అందరూ నవ్వారు. నాకది చాలా రోజులు గుచ్చుకుంది.

తేడా ఏమిటో ఆ సాయంత్రం చూశాను. ఆమె రోగి పక్కన ముందు కూర్చోలేదు. ఇంటి ఆడవాళ్లను పలకరిస్తూ వంటింట్లోకి పోయి నీళ్ల బిందె మూత తీసింది, బియ్యం డబ్బా మూత తీసింది. తర్వాతే వచ్చి కూర్చుంది. దారిలో అడిగితే చెప్పింది: "మా బాపు మంచాన వడ్డప్పుడు ఊరంత అచ్చిండ్రు సారూ. ఏడ్సిండ్రు, పోయిండ్రు. ఎనుకింటి గౌండ్లామె ఒక్కతే మా కుండ మూత తీసి చూసింది. ఏమనలే. జరసేపటికి కొంగుల బియ్యం పట్టుకొచ్చింది. గది అర్సుకునుడంటె." పాత కావ్యాల్లో అరయడమంటే వెతికి చూడడమని నేను చదువుకున్నదే. ఆ మాటే అర్సుకునుడై మా ఊళ్లలో ఇంకా నడుస్తోందని మాత్రం అంతకుముందు నాకు తోచలేదు.

తర్వాత ఉద్యమం వచ్చింది. బడులు మూతపడ్డాయి. జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు అన్నం వండే పెద్ద గంజు కోరుట్ల నుంచి ఆటోలో పెట్టుకుని తెచ్చింది నేను, పొయ్యి ముట్టించింది నేను. పేపరతను ఫొటో తీసే వేళకు భూమయ్య నా చేతిలోంచి గరిటె తీసుకుని, "జర పక్కకు జరుగు అన్నా, బ్యానర్ కనవడ్తలేదు" అన్నాడు. తెల్లారి పేపర్లో భూమయ్య అన్నం కలుపుతున్నాడు. నాది మోచేయి ఉంది. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు. చిన్న విషయం కదా అన్నవాళ్లతో కూడా మాట్లాడడం తగ్గించాను.

కొన్నాళ్లకు ఒక ధర్నాలో పోలీసులు తరిమినప్పుడు భూమయ్య పడి చేయి విరగ్గొట్టుకుని మల్లాపూర్‌లో తన ఇంట్లో పడి ఉన్నాడు. మేడం మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"పా సారూ, మల్లాపూర్ పోదాం."

"నేను రాను మేడం. మాకు మాటల్లేవు."

"మాట్లాడుమని ఎవలన్నరు? అర్సుకోను రమ్మంటున్న."

"నాకు కోపం పోలేదు."

"ఉండనీ. నీ కోపం నేనేమన్న గుంజుకుంటున్ననా?"

అతన్ని క్షమించమని నన్ను అడగని మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. అందుకే వెళ్లాను. భూమయ్య భార్య కాన్పుకు పుట్టింటికి పోయింది. ఇంట్లో ముసలి తల్లి ఒక్కతే ఉంది. మేడం మూత తీసి చూసి, బిందె నా చేతికిచ్చింది. బోరింగు కొట్టి నీళ్లు తెచ్చాను. భూమయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఈ సారెవలు బిడ్డా?" అని తల్లి అడిగింది.

"మా బడి సారే అవ్వా. నీ కొడుకుతోని మాటల్లేవట."

"అట్లనా? మాటలున్నోళ్లు ఒక్కలు గూడ నీళ్లు తేకపాయె" అంది ముసలామె.

గోడవైపు తిరిగిన భూమయ్య భుజాలు కదిలాయి. నవ్వాడో, చేయి నొచ్చిందో నేను అడగలేదు.

మేడం పోయి కొన్నేళ్లయింది. కోరుట్లలో సంతాప సభ పెడితే మైకు భూమయ్యకిచ్చారు, నాకివ్వలేదు. అతను "మేడం అందరినీ పరామర్శించేది" అన్నాడు. ఆమె జీవితమంతా వద్దన్న మాటనే ఆమె ఫొటో ముందు నిలబడి అన్నాడు. ఫొటోలో మోచేయి కన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇప్పుడు మా బడి పిల్లలను అడిగితే అర్సుకునుడన్న మాట ఎవరూ వినలేదంటారు. నాతో పనిచేసే కుర్ర మాస్టర్లూ విననే లేదు. ఎవరికైనా బాగాలేదంటే ఫోన్లో దండం బొమ్మ పంపి ఊరుకుంటారు.

భూమయ్య డబ్బా నింపుకుని వచ్చాడు. బిందెలో పోసి, మూత పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. ఆనాడు విరిగిన చేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేడని అప్పుడే గమనించాను. అంతలో నా భార్య వచ్చి, "అయ్యో, ఎప్పుడచ్చినవ్ అన్నా? కూసో, చాయ పెడ్త" అంది.

"వద్దక్కా, బస్సున్నది. అర్సుకుందామని అచ్చిన" అన్నాడు.

ఎన్నేళ్ల తర్వాతో ఆ మాట విన్నాను, అది కూడా అతని నోట. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. సంతాప సభలో ఆ మాట ఎందుకనలేదో ఇంకా అడగాల్సే ఉంది, కానీ అడగను. కాలు నేలమీద ఆనగానే మల్లాపూర్ పోతాను. మాట్లాడను. మూత తీసి చూసి వస్తాను.