దారం వదిలిన పువ్వు

పాలకొల్లులో మాకు ఇంగ్లీషు నేర్పిన టీచర్‌గారు తమ ఇంట్లోనే, పూలు కడుతూనే పాఠం చెప్పేవారు. మేం ‘షి’, ‘విత్’, ‘బట్’ లాంటి చిన్న మాట మింగేస్తే ముడి వదిలేసేవారు. పువ్వు ఒళ్లో రాలేది. “దారం లేకుండా దండ ఉంటుందేంటమ్మా?” అనేవారు.

ఒకరోజు, ఆవిడకి ఉద్యోగమిచ్చే ముందు పాఠం చూస్తానంటూ ఒక కాన్వెంటు ప్రిన్సిపాల్‌గారు ఇంటికే వచ్చారు. టీచర్‌గారు గబగబా పూలబుట్టని మంచం కిందికి తోసేశారు. “ఇన్నాళ్లూ ఎక్కడ పనిచేశారు?” అని ఆయన ఇంగ్లీషులో అడిగారు.

“ఐ...” అని ఆవిడ ఆగిపోయారు. ఖాళీ వేళ్లు ఒళ్లో లేని దారం కోసం వెతుకుతున్నాయి. ఆయన వాచీ చూసుకున్నారు. నేను ఉండబట్టలేక బుట్ట లాగి ఆవిడ ఒళ్లో పెట్టాను. మొదటి ముడి పడింది.

“ఐ టాట్ దెమ్ ఎట్ హోమ్, బికాజ్ దే కేమ్ టు మి,” అన్నారు టీచర్‌గారు మావైపు చూస్తూ.

ఒక్క పువ్వూ రాలలేదు.