పుచ్చకుండానే పోయిన పళ్ళు

రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, జూన్ నెలలో, నన్ను నెల్లూరు జిల్లా తీరంలోని ఒక సామాజిక ఆరోగ్య కేంద్రానికి డెంటల్ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. అక్కడ ఉన్నది ఒక కుర్చీ, పళ్ళు పీకే పరికరాలు, సిమెంటు నింపే సామగ్రి. పంటి లోపలి నరం తీసి శుభ్రం చేసే చికిత్సకు నెల్లూరు రాసి పంపాల్సిందే. వారానికో రోజు చుట్టుపక్కల బడులకు వెళ్ళి పిల్లల నోళ్ళు పరీక్షించడం కూడా నా విధుల్లో భాగం.

మొదటి ఏడాది, అల్లూరు దాటాక రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక ఉన్నత పాఠశాలకు వెళ్ళాను. పిప్పిపళ్ళు మామూలుగానే కనిపించాయి. ప్రతి బడిలో చెప్పేదే అక్కడా చెప్పాను: తీపి ఏది తిన్నా, తాగినా, వెంటనే బ్రష్ చేసుకోండి.

రెండేళ్ళకు ఆ బడికి మళ్ళీ వంతు వచ్చింది. ఆ రోజు ఆడపిల్లల కబడ్డీ జట్టును చూశాను. నోట్లో అద్దం పెట్టి చూస్తే మొదట నాకేమీ అంతుపట్టలేదు. పుచ్చు లేదు, నల్ల మచ్చ లేదు. కానీ పై ముందు పళ్ళ అంచులు వెలుగు అవతలికి కనిపించేంత పలచబడ్డాయి. దవడ పళ్ళ మీద నున్నటి గుంటలు. దీన్ని మేం ఎరోజన్ అంటాం. క్రిములు తొలిచేది కాదు, పులుపు పంటి పై పొరను కరిగించేది. ఎనామిల్ అనే ఆ పొర ఒకసారి పోతే మళ్ళీ పుట్టదు. అందరిలోకీ జట్టు కెప్టెన్, తొమ్మిదో తరగతి చదివే కెజియా పళ్ళు ఘోరంగా ఉన్నాయి. గాలి పీల్చినా జివ్వుమంటోందని చెప్పింది.

ఏం తాగుతున్నారని అడిగితే, వ్యాయామ ఉపాధ్యాయుడు సామ్యూల్ గారు స్పోర్ట్స్ డ్రింక్ సీసా తెచ్చి చూపించారు. ఆయన దేన్నీ దాచలేదు. ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా మారాయి. బడిలో నీళ్ళు శుద్ధిచేసే యంత్రం ఎప్పుడో చెడిపోయింది. ఎండలో ఆడుతూ ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయాక, ఆయన రొయ్యల మేత వ్యాపారి ఒకాయన్ని బతిమాలి ఈ సీసాలు తెప్పించారు.

"పిల్లలు పడిపోకూడదనే చేసినాను సార్. ఆటగాళ్ళు తాగేదే గదా, మంచిదే అనుకున్నా," అన్నారు.

ఆయన్ని నేను తప్పుపట్టలేదు. ఆ తీపి వెనక పులుపు ఉంటుందనీ, ఆడి ఆడి ఎండిన నోట్లో దాన్ని కడిగే లాలాజలం ఉండదనీ వివరించాను. అయినా ఇంత త్వరగా ఇంత అరుగుదల నాకు వింతగానే తోచింది. తాగాక ఏం చేస్తారని కెజియాను అడిగాను.

"వెంటనే బ్రష్ చేస్తాం సార్. మీరే చెప్పినారు కదా. అందరి చేతా నేనే చేయిస్తా. ఒక్క రోజు గూడా తప్పలేదు," అంది, కొంచెం గర్వంగా.

పులుపు తగిలిన ఎనామిల్ కాసేపు మెత్తబడి ఉంటుంది. అరగంటైనా ఆగకుండా తోమితే ఆ మెత్తటి పొర బ్రష్షుతో లేచిపోతుంది. ఇది నేను చదువుకున్నదే. బడిలో మాట్లాడిన రోజు గుర్తు రాలేదు. తప్పు నాదేనని ఆ పిల్లకు చెప్పాను. ఆమె కోప్పడలేదు.

"ఇప్పుడు ఆపేస్తే మళ్ళా వస్తాయా సార్?" అని మాత్రం అడిగింది.

రావని చెప్పాను.

సీసాలు ఆ వారమే ఆగాయి. బడిలో తాగునీటి గురించి పై అధికారికి నివేదిక రాశాను. ఈ విషయం మన శాఖ పరిధిలోకి రాదని జవాబు వచ్చింది. సంబంధిత శాఖకు పంపిన ప్రతికి ఆ జవాబు కూడా రాలేదు. వేసవి ముదిరాక సీసాలు మళ్ళీ మొదలయ్యాయి. సామ్యూల్ గారే ఫోన్ చేసి చెప్పారు. "దాహంతో ఆడించలేను సార్," అన్నారు.

కెజియా ముందు పళ్ళకు నేను వేసిన సిమెంటు మూడుసార్లూ ఊడిపోయింది. నెల్లూరు రాసి పంపాను. తల్లి రత్నమ్మ రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేసేది. ఒకసారి తీసుకెళ్ళింది. ఇంకా మూడు నాలుగుసార్లు రావాలన్నారట. అన్ని రోజులు మానితే షెడ్డులో ఇంకొకరిని పెట్టుకుంటారు. ఇంతలో నొప్పి తగ్గింది. నయమైందనుకున్నారు. నిజానికి లోపల నరం చచ్చిపోయింది.

కొన్ని నెలలకు పై పెదవి వాచి, చీముతో వచ్చారు. నెల్లూరు వెళ్తే పళ్ళు ఇంకా నిలుస్తాయని నచ్చజెప్పబోయాను.

"మా వల్ల గాదు సార్, పీకెయ్యండి," అంది రత్నమ్మ. అంగీకార పత్రం మీద వేలిముద్ర వేసింది. వాపు తగ్గడానికి మందులిచ్చి, తర్వాతి వారం పై ముందు పళ్ళు రెండూ నా చేత్తోనే తీశాను. కెజియా కదలకుండా కూర్చుంది. కట్టుడు పళ్ళు పెట్టే ఏర్పాటు మా కేంద్రంలో లేదు.

ఆ తర్వాత ఆమె ఆట మానేసిందని సామ్యూల్ గారు చెప్పారు. కూతకు వెళ్ళాలంటే నోరు తెరవాలి. ఎంత పిలిచినా రానందట.

ఏం తాగుతున్నారో అడగకుండా పళ్ళు తోమమని చెప్పకూడదు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అడిగి తెలుసుకున్నా, తాగడానికి నీళ్ళు లేని బడిలో దంతవైద్యుడు చేయగలిగింది చాలా తక్కువ. ఇదీ అక్కడే తెలిసింది.