దిగి చూడని చేను

మొన్న మా మనవరాలు తన ఫోనులో బద్వేలు వైపు పటం ఒకటి తెరిచి, ఏ చేను నుంచి ఎంత నీరు ఆవిరవుతోందో రంగుల్లో కనబడుతోందని సంబరంగా చూపించింది. ఎర్రటి నేల నడుమ ఒక్కచోట ముదురు నీలం. అది మా మేనమామ చేను. అక్కడ పైరు బాగుంది కదా తాతా అని అడిగింది.

నా ఉద్యోగపు తొలిరోజుల్లో మా ఆఫీసు పనీ ఇదే. భూమీ పైరూ కలిసి గాలిలోకి ఎంత నీరు వదులుతున్నాయో ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కగట్టి, కర్నూలు, కడప జిల్లాలకు పటం గీసేవాళ్లం. నీరు వదిలేచోట నీలం, ఎండినచోట ఎరుపు. ఆ నీలం కింద నిజంగా ఏముందో జీపులో పోయి, దిగి చూసి రాయడం నా వంతు. కోయిలకుంట్ల నల్లరేగడిలో మోకాళ్లదాకా దిగబడి మరీ రాసుకొచ్చినవాణ్ని, ఆ గర్వం కాస్త ఎక్కువే ఉండేది.

ఒక కరువేడు మామ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆయన కంటబడితే అన్నం తిననిదే కదలనివ్వడు, నేనేమో పొద్దుగూకేలోగా ఇంకా నాలుగుచోట్లు చూడాలి. రోడ్డు మీది నుంచే చూశాను, దూరాన పచ్చగా ఉంది. సెలవుల్లో పచ్చికాయలు పీక్కుని తిన్న చేలే కదా, ఇంకేముంటుందిలే అని వేరుశనగ పైరు అని రాసి జీపు పోనిమ్మన్నాను. అప్పటి పటంలో ఒక్క గడి కింద ఊరి పొలమంతా వచ్చేది, నేను రాసిన ఆ ఒక్క మాటే ఊరంతటికీ లెక్క.

కరువు మండలాల జాబితాలో వాళ్ల మండలం లేదు. పైరు పచ్చగా ఉందని మీ ఆఫీసువాళ్లే రాశారు కదా, ఇంకేం కరువన్నారట పైవాళ్లు. మామ మా ఇంటికొచ్చి, గుమ్మంలో కూర్చుని అన్నాడు.

"ఆ పచ్చంతా వంకలో కంపచెట్లు అల్లుడా. శెనక్కాయ ఎప్పుడో మాడిపాయ. నువ్వు దిగింటే ఇంత సంగటన్నా తిని పోతాంటివి గదా."

తిట్టి ఉంటే బాగుండేది. ఉపగ్రహం అబద్ధమాడలేదు, ఆ వాగులోని ముళ్లకంప నిజంగానే లోతు నుంచి నీరు లాగి వదులుతోంది. అబద్ధం రాసింది నేను, ఉద్యోగం పోతుందని ఆ సంగతి ఆఫీసులో చెప్పనిదీ నేనే. మామ ఎద్దుల్ని అమ్ముకుని ఎర్రగుంట్లకు పోయి, లారీలకు సిమెంటు మూటలెత్తుతూ, రెండో ఎండాకాలంలో అక్కడే కుప్పకూలి చనిపోయాడు. దినాలనాడు అత్త అందరికంటే ముందు నాకే విస్తరి వేసింది. ఆమెకు మామ చెప్పాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈనాడు పటం అరచేతిలోకే వస్తోంది, చేనిగట్టు కూడా కనబడేంత తేటగా. మామ చేలో మాత్రం విత్తేవాళ్లు లేక, వంకలోని కంప పైకి పాకి ఏళ్లయింది. అది పైరు కాదమ్మా, కంప అన్నాను. దిగి చూడకుండా ఎట్లా చెబుతావు తాతా అంది మనవరాలు.

పోయినేడే వెళ్లాను, దిగే చూశాను. అన్నం తిని పొమ్మనడానికే అక్కడ ఎవరూ లేరు.