మా ఎస్తేరక్క పాడిన జర్మన్ పాట

మా చిన్నప్పుడు రాజోలులో, మా పెంకుటింటి వసారాలో, మధ్యాహ్నం పూట జర్మన్ పాటలు మోగేవి... నమ్మరు గానీ నిజం.

మా మేనత్త మార్తమ్మ నర్సు. మిషన్ ఆసుపత్రి వాళ్ళు పంపిస్తే జర్మనీ వెళ్ళి, చాలా ఏళ్ళు అక్కడే పనిచేసి, అక్కా నేనూ పుట్టాక తిరిగొచ్చేసింది. బంగారం తెచ్చి ఉంటుందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. ఆవిడ తెచ్చింది ఒక రికార్డు ప్లేయరు, ఒక పెట్టెడు రికార్డులు...

భోజనాలయ్యాక ముక్కాలిపీట మీద ప్లేయరు పెట్టి, రికార్డును పమిట చెంగుతో తుడిచి, సూది మెల్లగా వాల్చేది. ముందు చిన్న గరగర... ఆ తర్వాత బాకాలు. వాటి వెనకాల డుబుడుబుమంటూ గిటారు. మా చర్చిలో ఉన్నటువంటి ఆర్గనే, కానీ ఇది గెంతుతూ పోయేది. ఆడవాళ్ళంతా గుంపుగా లలలా అంటుంటే కూర్చున్నచోట కాళ్ళు ఆగేవి కావు.

మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. మొదటిరోజు గుమ్మంలో నిలబడి విన్నారు.

"ఇవి దేవుడి పాటలేనా అక్కా?"

"ఆదివారం ఆరాధన అయ్యేక అక్కడ ఇవే వింటారు తమ్ముడూ" అంది అత్తయ్య, నవ్వకుండా.

"ఆయ్... అయితే సరే" అని వెళ్ళిపోయారు.

మా అక్క ఎస్తేరు నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అన్ని రికార్డుల్లోనూ దానికి ఒక్క పాటంటే పిచ్చి. జర్మన్ ముక్క రాదు. వినపడింది వినపడినట్టు తెలుగు చేసేసేది. పల్లవి దాని నోట్లో "కొంచెం మ్యావ్... కొంచెం మ్యావ్" అయింది. చరణమంతా ఏవో మాటలు. అర్థం లేదు గానీ, ఏ రోజూ ఒక్క మాట మారేది కాదు. అది పాడుతూ వసారాలో తిరుగుతుంటే, మ్యావ్ దగ్గర నేను పిల్లిలా దూకాలి. అదీ నా వేషం.

"మ్యావ్ కాదే పిల్లా... కొమ్ త్సూ మియర్. నా దగ్గరికి రా అని" అని అత్తయ్య చెప్పింది.

"అలాగైతే మరి చెల్లి ఎక్కడ దూకుతుందండీ?" అంది అక్క.

అత్తయ్య ఇంకెప్పుడూ దిద్దలేదు.

అక్క గొంతులో కాస్త జీర. నూతి దగ్గర నీళ్ళు తోడుతూ, నాకు జడ వేస్తూ, అదే పాట...

అక్క తొమ్మిదో తరగతిలో ఉండగా పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. అత్తయ్యే కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తిరిగి కార్లో వచ్చారు. వెనక సీట్లో అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని అక్క పడుకుని ఉంది. నేను నిద్రపోతోందనుకున్నాను...

ఆ తర్వాత మా ఇంట్లో పాట మోగలేదు. ఒక్కసారి మాత్రం, ఎవరూ చూడకుండా నేను సూది వాల్చాను. ఆ గరగర వినపడగానే అమ్మ చేతిలో గిన్నె వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడే అత్తయ్య ప్లేయరునీ రికార్డుల్నీ రామచంద్రపురంలో తెలిసినవాళ్ళకి ఇచ్చేసింది. ఇప్పుడు అత్తయ్యా లేదు... నాన్నా లేరు.

అక్క ఫొటోలు రెండున్నాయి. గొంతు ఎక్కడా లేదు. అప్పట్లో మా ఇంట్లో టేపురికార్డరు కూడా లేదు. అయినా నాకు దిగులుండేది కాదు... కళ్ళు మూసుకుంటే ఆ పాట మొత్తం, ఆ జీరతో సహా, అక్షరం పోకుండా వినిపించేది. ఇన్నేళ్ళూ.

పోయిన నెల అమలాపురంలో మా ఇంట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, ఫోన్లో పాత వాయిద్య సంగీతం ఏదో పెట్టుకున్నాను. ఒకటయ్యాక ఇంకోటి దానంతటదే వస్తుంది కదా... బాకాలు వినపడ్డాయి. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అదే పాట.

ఆ పాత జర్మన్ రికార్డుల్ని ఇప్పటి కుర్రాళ్ళు వెతికి పట్టుకుని, శుభ్రం చేసి, మళ్ళీ పెడుతున్నారట. ఏయే దేశాలవాళ్ళో పాట కింద కామెంట్లలో పొగుడుతున్నారు. నేను కూర్చుని ఏడ్చాను. వారమంతా అదే విన్నాను. వంట చేస్తూ, బస్సులో, పడుకునే ముందు... రికార్డులో ఆ జర్మన్ ఆవిడ పాడే మాటలు సరిగ్గా ఏమిటో చూసి నేర్చుకున్నాను కూడా.

ఆదివారం రాజోలు వెళ్ళాను. అక్క పోయాక పుట్టిన తమ్ముడి దగ్గర ఉంటుంది అమ్మ. ఫోన్ తన చెవి దగ్గర పెట్టాను. పాట అయ్యేదాకా కదలకుండా వింది.

"ఇది కాదే" అంది.

"అదేనమ్మా. అక్క పాడిన పాటే."

"పాట అదే అవ్వచ్చులే. అది పాడినట్టు నువ్వోసారి పాడు."

నోరు తెరిచాను. జర్మన్ వచ్చింది... తప్పుల్లేకుండా. ఆపి, మళ్ళీ "కొంచెం మ్యావ్" అని మొదలుపెట్టాను. ఆ తర్వాత చరణం రాలేదు. కళ్ళు మూసుకున్నాను. లోపల కూడా ఆ జర్మన్ ఆవిడే పాడుతోంది... శుభ్రంగా, జీర లేకుండా.

అమ్మ నా మొహంలోకి చూసింది.

"నాకు దాని గొంతు ఎప్పుడో పోయిందే. ఎంత తలుచుకున్నా రాదు. నీ దగ్గరుంది కదా అని ధైర్యంగా ఉన్నాను" అంది.

మళ్ళీ తనే నా చెయ్యి నిమిరి, "పోన్లే... అన్నం తిందాం పద" అంది.

ఫోన్లోంచి ఆ పాట తీసేశాను. లాభం లేదు. పొద్దున్నే లేవగానే అక్క మాట ఒక్కటైనా తగులుతుందేమోనని తడుముకుంటాను... ఆవిడే వస్తుంది.

ఇప్పుడు మా మనవడు తుమ్మినా ఫోన్లో ఉంటుంది. మా రోజుల్లో ఒక మనిషి గొంతు ఇంకో మనిషి దగ్గరే ఉండేది... ఆ మనిషి పోగొట్టుకుంటే ఇక అంతే.

ఏ టేపూ లేకుండా వెళ్ళిపోయిన మీవాళ్ళ గొంతు మీలో ఎవరికైనా ఇంకా వినిపిస్తోందా... ఎలా ఉంటుందో కాస్త చెప్పండి.