మేఘాల మీద ఎదుర్కోలు

కంట్ల పొర వచ్చింది, ఆపరేషన్ చెయ్యాలె అని జగిత్యాల డాక్టరు చెప్తే నేను వద్దన్న. ప్రభువు రెండోసారి వచ్చే కాలం దగ్గర పడ్డదని మా సంఘంల అందరం నమ్ముతం. ఆయన రాంగనే మనల్ని మేఘాల మీదికి తీస్కపోతడు, కొత్త శరీరం ఇస్తడు. కొత్తది వస్తుంటే పాతదానికి మరమ్మతు ఎందుకు? ఉన్న చూపుతోని బీడీలు చుట్టుడు నడుస్తనే ఉండె.

సిరిసిల్లల ఉన్న నా బిడ్డ ఫోన్ల మొత్తుకునేది.

"అవ్వా, యాడనో పడి నడుము ఇరగ్గొట్టుకుంటవ్."

"ఇరిగితే కొత్త నడుము గూడ ఆయనే ఇస్తడు తియ్యి" అన్న.

ఒక ఆదివారం మా కోరుట్ల గుడిల పాస్టరయ్య ప్రభువు రాకడ మీద వాక్యం చెప్పిండు. ఆయన గ్రీకు చదువుకున్నడు. బైబిల్ల మేఘాల మీద ప్రభువును కలుసుకునే కాడ పౌలు భక్తుడు గ్రీకుల 'అపాంతేసిస్' అని రాసిండట. ఆ కాలంల రాజు వస్తున్నడంటే జనం ఊరవతలికి పోయి, ఆయన్ని ముందట పెట్టుకొని మళ్ల ఊర్లెకే వచ్చేటోళ్లట. గా పోవుడుకు గా మాట వాడేటోళ్లట.

"మన పెండ్లిల ఎదుర్కోలు అసొంటిది" అన్నడు. "పోయినోళ్లు ఆడనే ఉండిపోరు."

ప్రార్థన అయినంక ఆయన్ని నిలబెట్టి అడిగిన. "అయ్యా, అంటే పైకి పోయి మళ్ల ఈడికే వస్తమా?"

"గా మాటను చూస్తే గట్లనే అనిపిస్తదమ్మా. కొందరు పండితులు వేరే చెప్తరు."

"వాళ్లను ఇడిసిపెట్టుండ్రి. మీరేమంటరు?"

"వస్తమనే అంట."

నాకు నచ్చలేదు. పైకి పోయినంక ఊడ్చుడు, తోముడు తప్పుతదనుకున్న. ఆయన కాడ కన్ను సంగతి మాత్రం ఎత్తలేదు.

ఎండకాలంల సిరిసిల్లల మనుమరాలి పెండ్లి. మగపెండ్లోళ్లు వేములవాడ దిక్కు నుంచి వచ్చిండ్రు. ఎదుర్కోలుకు పెద్దదాన్నని దండ నా చేతుల పెట్టిండ్రు. మెరిసే గుండీల కోటు వేసుకొని ఒకాయన ముందట నిలవడ్డడు. దండ వేసి, నోట్ల చక్కెర పోసి, "సల్లగుండు కొడుకా" అన్న.

ఆయన చక్కెర మింగి, "అమ్మా, నేను బ్యాండుల బూర ఊదేటోన్ని. పిలగాడు ఎనుక ఉన్నడు" అన్నడు.

రెండు దిక్కులోళ్లు నవ్విండ్రు. బిడ్డ మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు గుంజి, "రేపు ప్రభువొస్తే గూడ నువ్వు గింతే. ఆయన్ని ఇడిసిపెట్టి ముందట బూర ఊదే దూతకు దండ వేసొస్తవ్" అన్నది.

పెండ్లి అయిన వారమే జగిత్యాల పోయిన.

"ఇన్నొద్దులు ఎందుకాగినవమ్మా?" అన్నడు డాక్టరు.

"ప్రభువు వస్తడని."

"మరిప్పుడు?"

"ఆయన్ని గుర్తువట్టాలె గద."

ఆయన ఆపరేషన్ చేసిండు. కట్టు విప్పినంక గోడకున్న అక్షరాలు చదువుమన్నడు. రెండో తరగతి దాకా చదివిన తెలుగు పనికొచ్చింది. ఇంకో కంట్ల గూడ పొర మొదలైంది, తొందర లేదు, ఆగొచ్చు అన్నడు. ఆగనన్న. క్రిస్మస్ కంటే ముందే తారీఖు ఇయ్యుమన్న.