మొదటి గుండు మాది

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా రైఫిల్ గురి తప్పుతోందని ఒప్పుకున్నాను. నిజానికి అంతకుముందు ఏడే తప్పింది. ఎండ కళ్లలో పడిందని చెప్పి తప్పించుకున్నాను.

మాచర్ల దగ్గర మా ఊరు. జొన్న కంకి వేసే రోజుల్లో అడవిపందులు కొండ దిగి చేలమీద పడేవి. రైతులంతా తెల్లవారుతూనే డప్పులు కొడుతూ వాటిని వాగులోకి తోలేవారు. తుపాకులున్నవాళ్లం గట్టున వరసగా నిలబడేవాళ్లం. మా ఇంటి మనిషి మొదటి గుండు పేల్చేదాకా ఇంకెవరూ తుపాకి ఎత్తకూడదు. అది మా ముత్తాత నాటి ఆనవాయితీ. భూములు పోయాయి. సావడి కూలింది. మేడలో సగం ఒక పత్తి వ్యాపారికి అద్దెకిచ్చాం. ఇక మా వంశానికి మిగిలిన గౌరవం ఆ మొదటి గుండు ఒక్కటే. కిందటేడు నేను పేల్చిన గుండు నేలలో దిగింది. మంద బెదిరి వెనక్కి తిరిగి, చేతికందే జొన్న తొక్కేసింది. ఈసారి కూడా తప్పితే మొదటి గుండు ఇంకొకరికిస్తామని ఊరిపెద్దలు మా అరుగుమీదే కూర్చుని, మర్యాదగా చెప్పిపోయారు.

ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలుసు. మా వేటల్లో తూటాల సంచి మోసిన మనిషి కొడుకు. పటాళంలో చేరి, అక్కడ తుపాకులు బాగుచేసే పని నేర్చుకుని వచ్చాడు. దేశం వదిలి పోతున్న ఒక తెల్ల ఇంజనీరు దగ్గర రైఫిల్ కొన్నాడు. మా దానిలో పట్టే తూటాయే దానిలోనూ పడుతుంది. కిందటేడు నేను తప్పిన పందిని పరుగులో పడగొట్టింది అతనే. అతని ఖాకీ చొక్కా, నిటారు నడక, అతను బీడీ తీయగానే నిప్పు అందించడానికి జనం పడే తొందర, ఏదీ నాకు గిట్టేది కాదు.

యుద్ధం వచ్చాక కొట్లలో తూటాలు దొరకడం మానేశాయి. కాల్చిన ఇత్తడి తొడుగుల్ని దాచుకుని, ఇంట్లోనే మళ్లీ మందు నింపి, సీసపు గుండు పోతపోసి బిగించేవాణ్ణి. లోపం నా తూటాల్లోనే ఉందనుకున్నాను. కంసాలి త్రాసు తెచ్చి మందు తూచాను. గాలిబుడగలున్న గుండ్లను మళ్లీ కరిగించాను. గొట్టం లోపల సీసం అంటుకుందేమోనని రెండు రోజులు తోమాను. ఈతచాప మీద సున్నం బొట్టు పెట్టి, నూరంగల దూరం నుంచి కాల్చి చూశాను. మధ్యాహ్నం కాలిస్తే గుండ్లు బొట్టులో పడేవి. పొద్దుటి మంచులో కాలిస్తే అవే తూటాలు జానెడు కుడికి పోయేవి. మందు తగ్గించినా అంతే, పెంచినా అంతే.

ఒక ఉదయం చేలో కాలుస్తుంటే ఆ చప్పుడుకి అతను వచ్చాడు, భుజాన రైఫిల్‌తో.

"ఏంది దొరా, పొద్దు పొడవక ముందే మొదలుబెట్టారు?"

"తూటాలు చూసుకుంటున్నా."

చాప ముందు గొంతుక్కూర్చుని చిల్లుల మీద వేలు పెట్టాడు. "మూడూ ఒక్క గూట్లోనే పడ్డయ్యి. చెయ్యి చానా బాగుంది."

నా చెయ్యి బాగుందని చెప్పడానికి ఇతనెవరు అనుకున్నాను. "మందు చెమ్మెక్కింది," అన్నాను.

"చెమ్మెక్కితే ఇట్టా గుంపుగా పడవు దొరా, చెల్లాచెదురైతయ్యి. మీ తూటాలు ఓ మూడు ఇట్టా ఇయ్యండి."

ఇచ్చాను. తన రైఫిల్‌తో కాల్చాడు. మూడూ సున్నం బొట్టులోనే. తమలపాకుతో కప్పేయొచ్చు. నేను తూచి, నేను పోసి, నేను బిగించిన తూటాలవి. నా ఇంటి కుక్క అతని కాళ్ల దగ్గర తోకాడించినట్టనిపించింది.

అప్పుడు మా రైఫిల్ వంక చూశాడు. "ఆ తోరాలేంది దొరా?"

దసరా ఆయుధపూజనాడు మా నాన్నగారు పసుపుదారం తోరం చేసి, గొట్టాన్నీ కింది కర్రనూ కలిపి కట్టేవారు. పాతది విప్పకుండా దానిమీదే కొత్తది. ఆయన పోయాక నేనూ అలాగే కట్టాను. నూనె, పసుపు పట్టి అవి తోలుపట్టాలా గట్టిపడ్డాయి.

"ఏటికో పొర పెరిగి, ఇప్పుడు అయ్యే లాగుతన్నయ్యి. మంచుకి దారం బిగుసుకుంటది, కర్ర ఉబ్బుద్ది, గొట్టం పక్కకి ఒరుగుద్ది. ఎండెక్కితే వదులైద్ది. కోసెయ్యండి."

"అవి మా నాన్నగారు కట్టినవి."

"మీ నాయన్ని కొయ్యమన్లేదు గదా!" అని నవ్వి, "మీ ఇష్టం దొరా," అంటూ వెళ్లిపోయాడు.

రెండు రోజులు ఆ రైఫిల్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. కోస్తే అతని మాట నెగ్గుతుంది. కోయకపోతే మొదటి గుండు అతనికి పోతుంది. ఎటు చూసినా గెలిచేది అతనే.

మా అమ్మ వచ్చి, "ఏందిరా, తిండి మానేసి దాన్ని చూస్తా కూచున్నావు?" అంది. తోరాలు కోయాలేమో అన్నాను. ఎవరన్నారో చెప్పలేదు.

"కోసి తగలెయ్యి. ఏ ఏటి తోరం ఆ ఏడే తీసి నీళ్లలో కలపాలని నోరు పోయేట్టు చెప్పేదాన్ని. 'రేపు తీస్తాలేవే' అనేవాడు మీ నాయన. అట్టా ఇరవై ఏళ్లు గడిపాడు. తగ్గ కొడుకువి దొరికావు."

చాకు తెచ్చి ఆమే చేతికిచ్చింది. నేను వంశాచారమని కళ్లకద్దుకున్నది మా నాన్నగారి బద్ధకం. మర్నాడు మంచులో మూడు గుండ్లు కాల్చాను. మూడూ బొట్టులో పడ్డాయి.

వేటనాడు పెద్ద మగపంది వాగు మలుపు తిరిగింది. వరసలో ఎవరూ కదల్లేదు. పేల్చాను. ముందుకాళ్లు మడుచుకుని అక్కడే కూలింది. పెద్దలు నా చుట్టూ మూగారు.

"ఏం జేశావు బాబూ? గురి మళ్లీ కుదిరిందే!"

"మందు పాళ్లు మార్చాను," అన్నాను, అందరికీ వినబడేలా.

అతను నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. బోసిగా ఉన్న మా రైఫిల్ గొట్టం చూశాడు. నా మొహం చూశాడు. తర్వాత పెద్దల వైపు తిరిగి, "మందు పాళ్లల్లో దొరగారిది మంచి చెయ్యి. ఆ తూటాలు నేనూ కాల్చి చూశా," అన్నాడు. పెదవి చివరన కూడా నవ్వు లేదు.

మొదటి గుండు మా ఇంటికే నిలిచింది. అతను వెక్కిరించి ఉంటే నోరు మూయించేవాణ్ణి. నా పరువు నాకే తిరిగి అందించి, తన తూటాల సంచి తానే భుజాన వేసుకుని పోయాడు. ఆ పెద్దరికం మా ఇంట్లో ఉండవలసింది, ఇతనికెక్కడి నుంచి వచ్చిందని దారి పొడుగునా కుళ్లుకుంటూ ఇంటికొచ్చాను.