పిన్ని అడిగిన పక్క దేశం

ఈ సాయంత్రం బర్మాలోని లమ్మడాలో మా పిన్ని ఇంట్లో బాబాయి, నేను ఫోన్‌లో ఉక్రెయిన్ యుద్ధం వార్తలు చూస్తున్నాం.

"ఇక పక్క దేశాలు కూడా దిగిపోతాయి బాబాయ్. అప్పుడుంటాది మజా," అన్నాను, క్రికెట్ మ్యాచ్ గురించి మాట్లాడినట్టు.

టీ తెస్తున్న పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. ఇక్కడుంటే సైన్యంలోకి పట్టుకుపోతారని వాళ్లబ్బాయిని నిరుడే పక్కనున్న థాయిలాండ్ పంపేశారు.

"పక్క దేశమంటే, మావోడున్నదేనేటి?" అంది.

"కాదు పిన్నీ. పోలండు, బెలారస్ లాంటివి. మనకి సానా దూరం."

"అయితే పర్లేదు," అంటూ టీ అందించింది. అయినా అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ కలిపింది. నేను తలెత్తలేకపోయాను. బాబాయి ఫోన్ కట్టేశాడు.

యుద్ధం ఎక్కడో జరుగుతుంటే మీకూ ఇలాగే హుషారొస్తుందా, లేక నాకేనా?